ఆగడం తెలిసిన చేయి

దోహాలో నవంబరు వచ్చిందంటే విల్లాల ప్రహరీ గోడలు రంగు మారతాయి. వేసవంతా దుమ్ము పట్టి పడి ఉన్న పచ్చటి తీగలు గులాబీ, ఊదా, నారింజ, తెలుపు రంగుల్లో విరగబూస్తాయి. అవి కాగితం పూలు, అదే బోగన్‌విలియా. మన ఊళ్ళలో జాతీయ రహదారుల డివైడర్ల మీద, పాత బంగళాల గేట్ల మీద చూసి చూసి మనం పట్టించుకోవడం మానేసిన మొక్క ఇది. ఏడాదంతా కలిపి 80 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఖతార్‌లో అదే తీగ ఎదురైతే మాత్రం కాలు ఆగిపోతుంది.

మొండి మొక్క, దానికేం సేవ అక్కర్లేదు అంటారు చాలామంది. ఆ మాటలో సగమే నిజం. ఆ ఎండలో బతకడం తీగ మొండితనం. అంతలా పూయడం తోటమాలి పనితనం. ఈ తీగకు వచ్చే కష్టాలన్నీ వరసగా రాసుకుని చూస్తే ఒక సంగతి తేలుతుంది. సేవ చాలక వచ్చేవి కొన్నే, సేవ ఎక్కువై వచ్చేవే అధికం. నీళ్ళు ఎక్కువై, ఎరువు ఎక్కువై, కత్తెర ఎక్కువై పాడయ్యే మొక్క ఇది. కాబట్టి దీన్ని బాగా పెంచే మనిషికి ఉండే అసలు విద్య, చేయి ఎక్కడ ఆపాలో తెలియడం. చేసిన పని నలుగురికీ కనిపిస్తుంది, చేయకుండా ఆగిన పని కనిపించదు. అందుకే ఆ విద్యను కాస్త దగ్గరికి వెళ్ళి చూడాలి.

ఖతార్ తోటల్లో పనిచేసేవాళ్ళలో నేపాలీలు, బంగ్లాదేశీయులు, మలయాళీలు ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్ళూ ఉన్నారు. ఇంటి దగ్గర వరి, పసుపు, కొబ్బరి చూసిన చేతులు అక్కడ గడ్డి, ఖర్జూరం, కాగితం పూలు చూస్తాయి. పంట మారినా మట్టిని వేళ్ళతో నలిపి చూసే అలవాటు మారదు.

ముల్లూ పూతా ఒకే చోట

ఈ తీగను అర్థం చేసుకోవాలంటే ఒక కొమ్మను కంటికి దగ్గరగా పట్టుకోవాలి. మనం పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులు. మూడేసి ఆకులు కలిసి ఒక గుత్తి అవుతాయి. వాటి మధ్య మూడు సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటి కొసన తెల్లటి చిన్న నక్షత్రాలు విచ్చుకుంటాయి. అసలు పూలు అవే. ఒక్కో పువ్వు కాడ ఒక్కో రంగుటాకు నడిమి ఈనెకు అంటుకుని ఉంటుంది. ఆ ఆకులు పలచగా, ఎండినట్టు ఉండబట్టే పూలు రాలడానికి వారాలు పడుతుంది. ఆ గులాబీ రంగునిచ్చే పదార్థం మందారంలో ఉండే జాతిది కాదు, బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే బీటాలైన్ల జాతిది.

అదే కొమ్మను ఇంకొంచెం కిందికి చూడండి. ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ ముల్లు కావచ్చు, పూగుత్తి కావచ్చు. రెండూ పుట్టే చోటు ఒక్కటే. రాత్రుళ్ళు నిడివి పెరిగి, ఎండ బాగా తగిలి, నీళ్ళు, నత్రజని కొంచెం బిగపట్టినప్పుడు మొగ్గ పూత వైపు మళ్ళుతుంది. నీడలో ఉండి, నీళ్ళూ యూరియా పుష్కలంగా అందితే కొమ్మ బారెడు సాగుతుంది, ఆకు ఆకుకూ ముల్లు వేస్తుంది. అనుభవం ఉన్న తోటమాలి ఒక తీగను చూడగానే దానికి ఏమి ఎక్కువైందో చెప్పగలడంటే కారణం ఇదే. పొడుగాటి ముళ్ళున్న పచ్చటి కొమ్మ అతనికి ఒక చీటీ లాంటిది. ఇక్కడ పూయాల్సింది, పూయలేదు, ఎందుకో వెతుకు అని దాని మీద రాసి ఉంటుంది.

వానాకాలం వేరు, పొడికాలం వేరుగా ఉండే దక్షిణ అమెరికా నేలల్లో పుట్టిన మొక్క కావడం వల్ల వచ్చిన గుణం ఇది. వానల్లో పెరిగి, పొడిలో పూయడం దాని పుట్టు స్వభావం. ఖతార్ తోటమాలి చేసేదల్లా ఆ పొడికాలాన్ని కుండీలోనో పాదులోనో చేతితో సృష్టించడం.

నీళ్ళు కట్టే నేర్పు

ఖతార్‌లో తాగే నీళ్ళు దాదాపుగా సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. రోడ్ల పక్క, పార్కుల్లో మొక్కలకు శుద్ధి చేసిన మురుగునీళ్ళు పారిస్తారు. రెండింటినీ మొక్కకు చేర్చేది డ్రిప్పు, దాన్ని నడిపేది టైమరు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే టైమరు కింద పచ్చిక, పెటూనియాలు, కాగితం పూలు ఉంటాయి. పెటూనియా వాడకుండా ఉండాలంటే రోజూ తడపాలి. కాగితం పూలకు రోజూ తడిపితే వేళ్ళకు గాలి ఆడదు. ఆకులు మెత్తబడి, మొత్తంగా పసుపుబారి, పట్టుకుంటే ఊడివస్తాయి. ఎండ ఎక్కువై వాడిందేమోనని యజమాని మరో పది నిమిషాలు పెంచుతాడు. వేరుకుళ్ళు మొదలయ్యాక మొక్క వాడిపోయే తీరు దాహంతో వాడినట్టే ఉంటుంది. ఎన్నో తీగలు పోయేది ఈ పొరపాటు వల్లనే.

నేర్పున్న తోటమాలి ముందు వేలు మట్టిలోకి దించుతాడు. పైన పొడిగా ఉండి రెండంగుళాల కింద తడి తగిలితే పైపు ముట్టుకోడు. లేత కొసలు ఉదయం పూట కూడా కొంచెం వాలి ఉన్నాయంటే అప్పుడు కడతాడు. కట్టడం మొదలుపెడితే పైపైన చల్లి వదలడు, వేళ్ళ అడుగుదాకా దిగేలా నింపుతాడు. ఆ తర్వాత మళ్ళీ మట్టి ఎండేదాకా ఆగుతాడు. కొత్తగా నాటిన మొక్కకు ఈ లెక్క వర్తించదు. దాని వేళ్ళు స్థిరపడేదాకా తడి ఆరనివ్వకూడదు. జూన్, జూలైలలో కుండీ మొక్కకూ వర్తించదు. కుండీ గోడ కాలి, లోపలి మట్టి ఒక్క రోజులో ఎండిపోతుంది. ఎప్పుడు ఏ లెక్క పాటించాలో అతనికి ఏ కాగితమూ చెప్పదు, మట్టే చెబుతుంది.

డ్రిప్పరు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. నాటిన రోజున కాండం పక్కన పెట్టిన డ్రిప్పరు ఐదేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటే కాండం మొదలు కుళ్ళుతుంది, నీళ్ళు పీల్చే పీచువేళ్ళు దూరంగా ఎండిపోతాయి. తీగ గుబురు ఎంత పెరిగితే డ్రిప్పరును అంత బయటికి జరపాలి. ఇంకో చిన్న సంగతి, ఖతార్ వేసవి తెలిసినవాళ్ళకే తెలిసేది. మధ్యాహ్నం దాకా ఎండలో పడి ఉన్న పైపులో నీళ్ళు చేయి పెట్టలేనంత కాగుతాయి. అలవాటున్నవాడు ఆ మొదటి నీళ్ళను పక్కకు వదిలి, చేతి మీద పోసుకుని చూసుకున్నాకే మొక్కకు పడతాడు. క్షణాల పని. కానీ అది మరిచిపోతే లేత వేళ్ళు ఉడికిపోతాయి.

పసుపుబారిన ఆకును చదవడం

ఖతార్ నేల సున్నపు నేల. పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటుంది, చాలా చోట్ల ఉప్పు కూడా ఉంటుంది. కొత్త తోటలకు బయటినుంచి తెచ్చి పోసే ఉప్పులేని మట్టిని గల్ఫ్‌లో స్వీట్ సాయిల్ అంటారు. ఆ మట్టి వేసినా కొన్నేళ్ళకు కింది నేల గుణం పైకి వస్తుంది. అప్పుడు ఆకులు పసుపుబారడం మొదలవుతుంది. పసుపుబారడం ఒక్కటే, నేల వైపు నుంచి కారణాలు నాలుగు. వాటిని విడదీసి చూడటంలోనే చదువు ఉంది.

కొసన ఉన్న లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చటి వలలా మిగిలితే అది ఇనుప ధాతువు లోపం. నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని కట్టిపడేయడం వల్ల వేరుకు అందదు. కింది ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపుబారితే మెగ్నీషియం లోపం. ముదురు ఆకులే మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదు. ఆకు అంచులు గోధుమరంగుకు మాడి, కుండీ అంచున తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకుంది. కొసనా మొదలా, ఈనా మధ్యభాగమా, అంచా ఆకంతానా అని ఆకును తిప్పి చూసేవాడు మందు తప్పడు.

మందులోనూ మెలకువ ఉంది. ఇనుప ధాతువు లోపానికి అంగళ్ళలో చవకగా దొరికే ఈడీటీఏ రకం ఇనుప కీలేట్ అనే మందు ఇలాంటి సున్నపు నేలలో నిలవదు. ఈడీడీహెచ్ఏ రకం కావాలి. నీళ్ళలో కలిపితే ముదురు ఎరుపు తిరిగే పొడి అది. మెగ్నీషియానికి మెగ్నీషియం సల్ఫేట్ చాలు. ఉప్పుకు మందే లేదు, మంచినీళ్ళే మందు. కుండీ అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేంతగా ఒకసారి నిండా పోసి, ఉప్పును కడిగి దించి, తర్వాత బాగా ఆరనివ్వాలి. పసుపుబారిన ప్రతి మొక్కకూ గుప్పెడు యూరియా వేసే చేతికీ, ముందు ఆకు తిప్పి చూసే చేతికీ తేడా ఇదే. మొదటిది మొక్కను పచ్చగా చేసి పూతను పోగొడుతుంది. రెండోది కొంచెం ఆగి, అవసరమైన ఒక్కదాన్నే ఇస్తుంది.

కత్తెర పట్టే తీరు

కాగితం పూలు కొత్తగా వేసిన రెమ్మల మీదే, వాటి కొసల వైపే పూస్తాయి. ఈ ఒక్క మాట గుర్తుంటే కత్తిరింపు సగం వచ్చినట్టే. గోడ మీద తీగను బల్లపరుపుగా, గీత గీసినట్టు ఉంచాలని వారం వారం పెద్ద కత్తెరతో పైన చెక్కితే కొసలన్నీ పోతాయి, కొసలతో పాటు పూతా పోతుంది. ఏడాదంతా పచ్చగా ఉండి ఒక్క గుత్తీ వేయని తీగలు కనిపిస్తే చాలాసార్లు కారణం అదే.

మంచి తోటమాలి సెప్టెంబరులో ఎండ విరిగే వేళ పెద్ద కత్తిరింపు చేస్తాడు. ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, లోపలికి పోయే కొమ్మలు ముందు తీస్తాడు. తర్వాత మిగిలిన ప్రతి కొమ్మకూ ఒక కణుపు ఎంచుకుంటాడు. ఏ మొగ్గ బయటివైపు చూస్తుందో దానికి పైన, గోరంత ఎడంలో, కొంచెం ఏటవాలుగా కోస్తాడు. మరీ దగ్గరగా కోస్తే మొగ్గ ఎండిపోతుంది. మరీ దూరంగా కోస్తే మిగిలిన మోడు కుళ్ళుతుంది. కత్తెర మొద్దుబారి ఉంటే కోత నలిగి తెగుళ్ళకు తావిస్తుంది. కోసిన చోట నుంచి రెండు మూడు చిగుళ్ళు వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ చిగుళ్ళ మీదే పూత వస్తుంది. నవంబరులో దారిన పోయేవాళ్ళు మెచ్చుకునే గోడ, సెప్టెంబరులో బోడిగా కనిపించిన గోడే. ఆ మధ్యలో ఇంటివాళ్ళు తీగను పాడుచేశావని అంటారు. ఆ మాట పడి ఊరుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

జూన్, జూలైలలో మాత్రం అతను పెద్ద కత్తెర తీయడు. ఆకుల గొడుగు తీసేస్తే లోపలి కొమ్మల బెరడు ఎండకు కాలిపోతుంది. ఎదిగిన కొమ్మ దారికి అడ్డొస్తే దాన్ని కట్టేస్తాడు కానీ కోయడు.

కట్టడం, నాటడం

దీన్ని తీగ అంటాం గానీ దీనికి నులితీగలు లేవు, గుంజను చుట్టుకునే గుణమూ లేదు. ముళ్ళతో పక్క చెట్టుకు తగులుకుని ఎక్కుతుంది. గోడకు ఎక్కించాలంటే మనిషి కట్టాల్సిందే. ఇనుప తీగతోనో ప్లాస్టిక్ టైతోనో బిగించి కడితే ఏడాది తిరిగేసరికి కాండం లావై ఆ ముడి లోపలికి దిగుతుంది, పై కొమ్మ ఎండుతుంది. జనపనార పురికొసను కొమ్మ చుట్టూ ఒక చుట్టు, ఆధారం చుట్టూ ఒక చుట్టు వేసి, మధ్యలో వేలు దూరేంత సందు ఉంచి కట్టేవాడికి పనితనం తెలిసినట్టు. కొమ్మను నిటారుగా కడితే కొస ఒక్కటే పెరుగుతుంది. అడ్డంగా వంచి కడితే దాని పొడుగునా పక్క చిగుళ్ళు లేస్తాయి, గోడ నిండుతుంది. పడమటి గోడకయితే ఆధారపు జాలీకీ గోడకూ మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచాలి. పగలంతా కాగిన సిమెంటు గోడ చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది.

నాటడంలో ఇంకా సున్నితం కావాలి. పైన ఇంత ముళ్ళ మొక్కకు కింద వేళ్ళు సన్నగా, పుటుక్కున తెగేలా ఉంటాయి, మట్టిని గట్టిగా పట్టుకోవు. మల్లెకో మందారానికో చేసినట్టు మొదలు పట్టి లాగితే మట్టిగడ్డ విచ్చిపోతుంది, మొక్క వారంలో ఆకు రాలుస్తుంది. తెలిసినవాడు ముందురోజు తడిపి మట్టి అతుక్కునేలా చేస్తాడు. గొయ్యి ముందే తవ్వి సిద్ధంగా ఉంచుకుంటాడు. సంచీ అడుగు కోసి, మొక్కను గోతిలో నిలబెట్టాక పక్కలు చీల్చి సంచీని పైకి లాగేస్తాడు. వేళ్ళను విడదీయడు, కదపడు. చుట్టూ మట్టి పోసి చేతులతో అదుముతాడు, కాలితో తొక్కడు. పసిబిడ్డను ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మార్చినంత నెమ్మది కనిపిస్తుంది ఆ రెండు నిమిషాల్లో.

పురుగులు, దుమ్ము

ఈ తీగకు చీడలు తక్కువే. దుమ్ము పట్టిన పొడి ఎండలో ఎర్రనల్లి వస్తుంది, ఆకు మీద సన్నటి చుక్కలు పడి, వెనక సన్నటి గూడు కనిపిస్తుంది. చలికాలంలో లేత చిగుళ్ళకు పేనుబంక పడుతుంది. కణుపుల దగ్గర తెల్లటి దూదిలా ఉండేది పిండినల్లి. మొక్క మీద చీమల బారు కనిపిస్తే అనుభవజ్ఞుడు చీమల మందు కోసం పోడు, ఆ బారు ఎక్కడ ఆగుతుందో చూస్తాడు. చాలాసార్లు అక్కడ పిండినల్లో పేనుబంకో ఉంటుంది, వాటి తీపి రసం కోసమే చీమలు వస్తాయి. తొలిదశలో నీళ్ళ ధార గట్టిగా కొడితే చాలు. మిగిలితే సబ్బునీళ్ళు, వేపనూనె. అదీ సాయంత్రమే. ఎండలో నూనె కొడితే ఆకు మాడుతుంది.

వేసవిలో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ఇసుకను తెచ్చి ఆకుల మీద కప్పుతుంది, కట్టని కొమ్మలను విరుస్తుంది. గాలి తగ్గిన మర్నాడు తెల్లవారుజామునే ఆకులు కడిగితే మొక్కకు ఊపిరి ఆడుతుంది, ఎర్రనల్లి కూడా తగ్గుతుంది. జనవరి రాత్రుళ్ళు 13, 14 డిగ్రీలకు దిగినప్పుడు కొన్ని రకాలు కొంత ఆకు రాలుస్తాయి. కంగారుపడి నీళ్ళు, ఎరువు పెంచకుండా ఓపిక పడితే మార్చిలో మళ్ళీ చిగురిస్తాయి. ముద్దగా పూసే మహారా లాంటి రకాలు ఎండిన పూలను రాల్చుకోవు, చేత్తో తీసి శుభ్రం చేయాలి. ముళ్ళ మధ్య చేయి పెట్టి చేసే ఆ పనికి మంచి గ్లవ్స్ లేకపోతే వేళ్ళు వాస్తాయి.

ఈ పనంతా ఏ ఎండలో జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. ఖతార్‌లో 2021లో వచ్చిన 17వ నంబరు ఉత్తర్వు ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదు. ఎండనూ ఉక్కనూ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. అది ఉండి తీరాల్సిన నియమం. అందువల్ల వేసవిలో తోటమాలి రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. మనం నిద్ర లేచేసరికి తడిసి ఉన్న పాదు వెనక ఒక మనిషి చీకటితో మొదలుపెట్టిన పని ఉంటుంది.

చేతికి దక్కాల్సిన పేరు

ఈ తీగకు పేరొచ్చిన కథ కూడా ఇలాంటి చేతుల గురించే ఆలోచింపజేస్తుంది. ఫ్రెంచి నావికుడు లూయీ ఆంత్వాన్ ద బోగన్‌విల్ 1766లో ప్రపంచయాత్రకు బయలుదేరాడు. ఆ యాత్రలోని వృక్షశాస్త్రవేత్త ఫిలిబర్ కామర్సన్ 1767లో రియో డి జనీరో దగ్గర ఈ తీగ నమూనా సంపాదించి, తన నాయకుడి పేరు పెట్టాడు. 1789లో జుస్యూ అనే వృక్షశాస్త్రవేత్త గ్రంథంలో ఆ పేరు అచ్చులోకి ఎక్కింది. కామర్సన్‌కు సహాయకురాలిగా జాన్ బారే అనే స్త్రీ మగవేషంలో ఓడ ఎక్కింది. ఓడల్లో ఆడవాళ్ళకు చోటు లేని రోజులవి. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్ర ఆమెను గుర్తిస్తుంది. కామర్సన్ కాలి పుండుతో బాధపడుతున్నాడు కాబట్టి రియోలో ముళ్ళలో చేయి పెట్టి ఆ కొమ్మను కోసింది ఆమే అయి ఉండవచ్చని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. మొక్కకు నిలిచింది నాయకుడి పేరు.

మన దేశానికీ ఈ తీగతో గట్టి బంధమే ఉంది. ప్రపంచంలో ఎక్కడ కొత్త బోగన్‌విలియా రకం పుట్టినా దాన్ని నమోదు చేసే అంతర్జాతీయ బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థది. గోధుమ పరిశోధనలో పేరెన్నికగన్న డాక్టర్ బి.పి.పాల్ ఈ తీగల మీదా మక్కువతో రాశారు. ఇక ఖతార్ 2023 అక్టోబరు 2 నుంచి 2024 మార్చి 28 దాకా దోహాలోని అల్ బిద్దా పార్కులో అంతర్జాతీయ ఉద్యాన ప్రదర్శన జరిపింది. ఎడారిని పచ్చగా చేయడమే దాని ప్రధాన విషయం. నీటి సాంకేతికత, మట్టి మెరుగుదల అన్నీ కావాల్సినవే. వాటితో పాటు టైమరు ఎప్పుడు ఆపాలో, కత్తెర ఎప్పుడు జేబులో పెట్టుకోవాలో తెలిసిన మనిషి కూడా కావాలి. ఆ తెలివి లేకుండా ఎడారిలో తోట నిలవదు.

నా దృష్టిలో ఇది నేతపని, కొయ్యపనులతో సమానంగా నిలిచే హస్తకళ. నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, చూసినవాళ్ళకు మాత్రం మొక్క దానంతటదే పూసినట్టుంటుంది. దోహాలోనో హైదరాబాదులోనో మీ ఇంట ఈ తీగ ఉంటే ఒక పని చేయండి. నీళ్ళ టైమరు మార్చే అధికారం రోజూ ఆ మట్టిని ముట్టుకునే మనిషికి ఇవ్వండి. పదునైన కత్తెర, మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ కొనివ్వండి. ఏం చేయాలో అతనికి చెప్పేముందు, ఏం చేయకూడదో అతణ్ణి అడగండి. పూత వచ్చినప్పుడు వచ్చిన చుట్టాలకు తీగను చూపించి, దాన్ని పెంచిన మనిషి పేరు కూడా చెప్పండి.